కెర్నెల్ మారినా ఆగని డ్రైవర్

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నారు మన పెద్దలు. కంప్యూటర్ల లోకంలో ఈ సామెత సుమారు తొమ్మిది పది వారాలకొకసారి నిజమవుతూ ఉంటుంది. ఎందుకంటే లినక్స్ అనే వ్యవస్థకు గుండెకాయ వంటి 'కెర్నెల్' అంత వ్యవధికొకసారి కొత్త వెర్షన్‌గా విడుదల అవుతుంది. కొత్తది వచ్చిన మర్నాడు, నిన్నటి దాకా చక్కగా నడిచిన ఒక పరికరం హఠాత్తుగా మూగబోవచ్చు. పరికరంలో లోపం లేదు. దానిని నడిపే చిన్న ప్రోగ్రాము, అంటే 'డ్రైవర్', కొత్త కెర్నెల్‌తో కలవలేదు, అంతే. ఒకే డ్రైవరు పాత కెర్నెళ్ళలోనూ కొత్త కెర్నెళ్ళలోనూ ఏ ఫిర్యాదూ లేకుండా తయారయ్యేటట్లు చూడడం ఎంత ఓపికతో కూడిన పనో ఈ వ్యాసంలో చెప్పాలని నా ప్రయత్నం. నేను బి.కాం. చదివి బ్యాంకులో స్థిరపడినవాణ్ణి. కనుక లెక్కల పుస్తకాల భాషలోనూ, మా ప్రాంతపు మగ్గాల భాషలోనూ చెబుతాను. పాఠకులు మన్నించాలి.

ఊరు అదే, కచేరీ వేరు

తిరువళ్లూరు జిల్లా పళ్ళిపట్టు తాలూకాలోని అత్తిమంజేరిపేట మా తెలుగువారికి కొత్త పేరు కాదు. మగ్గాల చప్పుడు వినిపించే ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే ఊరు. ఈ ప్రాంతం చరిత్ర చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. పటాస్కర్ సిఫారసుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతంతో పాటు మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లాకు బదిలీ. 1969లో ఆ రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. 1997లో తిరువళ్లూరు కొత్త జిల్లాగా ఏర్పడింది.

ఇన్ని మార్పులలో ఊరు అంగుళం కూడా జరగలేదు. నేతగాడి మగ్గం ఉన్నచోటే ఉంది. మారినదల్లా పైన ఉన్న కచేరీ. అర్జీ పెట్టుకోవలసిన చోటు మారింది, నమూనా మారింది, రాయవలసిన భాష మారింది. అడిగే విషయం మాత్రం పాతదే. పాత నమూనాలో అర్జీ ఇస్తే కొత్త కచేరీ గుమాస్తా తిప్పి పంపిస్తాడు. అది అర్జీదారు తప్పు కాదు, గుమాస్తా తప్పూ కాదు. డ్రైవరుకూ కెర్నెల్‌కూ మధ్య వచ్చే పేచీ సరిగ్గా ఇటువంటిదే.

కౌంటరుకు ఇవతల, అవతల

బ్యాంకు శాఖను ఊహించుకోండి. ఖాతాదారు కౌంటరు ఇవతల నిలబడతాడు. చలానా నింపి ఇస్తాడు. అవతల ఏ రిజిస్టరులో ఏం రాస్తారో, ఇనప్పెట్టె తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో అతనికి అక్కర లేదు. కంప్యూటరులో మనం వాడే ప్రోగ్రాములన్నీ ఖాతాదారుల వంటివి. కౌంటరుకు అవతల ఉన్న శాఖ మొత్తం కెర్నెల్. అందులో ఒక్కొక్క యంత్రం భాష తెలిసిన ఉద్యోగి డ్రైవర్. ప్రింటరుకు ఒకరు, కెమెరాకు ఒకరు, నెట్‌వర్క్ కార్డుకు ఒకరు.

1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా లినక్స్‌ను ఆరంభించిన లైనస్ టోర్వాల్డ్స్ ఒక నియమాన్ని గట్టిగా పాటిస్తారు. ఖాతాదారు వైపు కౌంటరు ఎన్నడూ మారకూడదు. పాత ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద నడిచి తీరాలి. అయితే కౌంటరుకు అవతల పనిచేసేవారికి ఆ హామీ లేదు. లోపలి పద్ధతులు ఎప్పుడైనా మార్చవచ్చు. ఈ సంగతి దాచింది కూడా కాదు. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే ప్రముఖ కెర్నెల్ నిర్వాహకుడు, లోపలి పద్ధతులను స్థిరంగా ఉంచమని అడగడం ఎందుకు తగదో వివరిస్తూ రాసిన పత్రం కెర్నెల్‌తో పాటే వస్తుంది.

డ్రైవర్ ఉండేది లోపల. కాబట్టి హామీ లేనివారి జాబితాలో మొదటి పేరు దానిదే.

మార్పు ఊరికే రాదు

ఎందుకు మారుస్తారు, ఉన్నదానిని ఉన్నట్టు ఉంచితే ఏం పోయింది అని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు మూడు ఉదాహరణలు చూద్దాం.

కెర్నెల్‌లో 'టైమర్' అనే ఏర్పాటు ఉంది. ఫలానా సమయానికి ఫలానా పని చేయమని డ్రైవరు చీటీ రాసి పెడుతుంది. పాత పద్ధతిలో ఆ చీటీలో చేయవలసిన పని పేరు, దానికి ఇవ్వవలసిన సమాచారం పక్కపక్కనే ఉండేవి. దొంగ ఎవరైనా ఆ చీటీని దిద్దగలిగితే కెర్నెల్ చేతనే తనకు కావలసిన పని చేయించుకోవచ్చు. ఈ ప్రమాదం తగ్గించడానికి చీటీ రాసే పద్ధతినే మార్చి, 2018 జనవరిలో వచ్చిన 4.15 వెర్షన్ నాటికి పాతదానిని పూర్తిగా తీసేశారు. టైమరు వాడే ప్రతి డ్రైవరూ మారవలసి వచ్చింది.

2019లో 5.0 వచ్చినపుడు, ప్రోగ్రాము ఇచ్చిన చిరునామా సరైనదా కాదా అని పరీక్షించే ఒక ఏర్పాటుకు మూడు వివరాలకు బదులు రెండు చాలన్నారు. మూడోది చాలాకాలంగా ఎవరికీ పనికిరానిది. 2020లో 5.6తో ఒక పట్టిక పేరూ రూపమూ మారాయి. 2023లో 6.4తో మరొక ఏర్పాటుకు ఇచ్చే వివరాలలో ఒకటి తగ్గింది. ఏ ఒక్కటీ పెద్ద మార్పు కాదు. అయితే పదేళ్ళలో ఇటువంటివి పోగుపడితే, పాత డ్రైవరును కొత్త కెర్నెల్‌తో కలిపి తయారు చేయబోయినపుడు తెర నిండా తప్పులే కనిపిస్తాయి.

ఈ బాధ లినక్స్ ఒక్కదానిదే కాదు. 2007లో విండోస్ విస్టా వచ్చినపుడు డ్రైవర్ల పద్ధతి మారి, ఎందరో తమ మంచి ప్రింటర్లను, స్కానర్లను అటక ఎక్కించారు. నేను పనిచేసిన ఒక శాఖలో పాసుపుస్తకాల ప్రింటరు ఒకటి ఉండేది. రోజుకు ఎన్ని పుస్తకాలు పెట్టినా అక్షరం చెదరదు. కంప్యూటరు మార్చిన నాడు దానికి తగిన డ్రైవరు దొరకలేదు. అటువంటి బంగారంలాంటి యంత్రం బట్ట కప్పుకుని మూల కూర్చుంది. పింఛను జమ పడిందో లేదో చూసుకోవడానికి పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన ముసలివారు ఖాళీ పేజీతో తిరిగి వెళ్ళారు. డ్రైవరు అనేది ఇంజినీర్ల గొడవ అనుకునేవారు ఆ వరుసలో నిలబడి చూడవలసింది.

ఇంట గెలిచి...

'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. డ్రైవర్లు రెండు రకాలు. కెర్నెల్ మూలంలోనే చేరిపోయినవి ఇంటివి. బయట విడిగా ఉండేవి రచ్చవి.

ఇంటి డ్రైవరుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. లోపలి పద్ధతి మార్చినవాడే, ఆ పద్ధతి వాడే ఇంటి డ్రైవర్లన్నింటినీ సరిదిద్దాలి. ఆ భారం డ్రైవరు రాసినవారిది కాదు. వందల చోట్ల ఒకే రకం దిద్దుబాటు చేతితో చేయడం కష్టం కనుక, ఫ్రాన్సుకు చెందిన పరిశోధకురాలు జూలియా లాల్, ఆమె సహచరులు 'కాక్సినెల్' అనే సాధనం తయారు చేశారు. ఇటువంటి పిలుపు కనిపిస్తే ఇలా మార్చు అని ఒక్కసారి రాసి ఇస్తే, కెర్నెల్ మొత్తం గాలించి అదే మార్పు చేస్తుంది. దానికి తోడు ఇంటెల్ సంస్థ నడిపే పరీక్షా యంత్రాలు, వచ్చిన మార్పులను రకరకాల అమరికలలో తయారు చేసి చూసి, తేడా వస్తే రాసినవారికి ఉత్తరం పంపుతాయి.

ఇంట్లోకి రానివ్వడానికి కూడా తలుపులు తెరిచారు. 2007లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పరికరాల కంపెనీలకు డ్రైవర్లు ఉచితంగా రాసి పెడతామని ప్రకటించారు. 2008 చివర వచ్చిన 2.6.28 వెర్షన్ నుంచి, ఇంకా నాణ్యత చాలని డ్రైవర్ల కోసం 'స్టేజింగ్' అనే వసారా కట్టారు. అక్కడ శుభ్రపడిన తరువాత నడింట్లోకి రావచ్చు.

రచ్చలో ఉన్నవారి పాట్లు

మరి అందరూ ఇంట్లోనే ఎందుకు చేరరు? కొందరు తమ మూలం బయటపెట్టరు. కొన్ని పరికరాలు తయారయ్యేవే పది ఇరవై. కొన్నింటికి ఖాతాదారులు పాత కెర్నెల్ వదలరు. మా అన్నగారి అబ్బాయి చెన్నైలో ఒక చిన్న సంస్థలో ఇదే పని చేస్తాడు. ఫ్యాక్టరీలలో వేడిమి, ఒత్తిడి కొలిచే కార్డు ఒకటి. దానికి డ్రైవరు. ఒక ఖాతాదారు దగ్గర రెడ్ హ్యాట్ 7, అంటే 3.10 కెర్నెల్. ఇంకొకరి దగ్గర 4.18. మరొకరు నిన్న వచ్చినది కావాలంటారు. కార్డు ఒకటే, డ్రైవరు ఒకటే కావాలి.

"వెర్షన్ నంబరు చూసుకుని, పాతదయితే పాత పద్ధతి, కొత్తదయితే కొత్త పద్ధతి అని రాసుకుంటే సరిపోదురా?" అని అడిగాను.

"అందరూ మొదట అట్లే రాస్తారు చిన్నాయనా. ఆ నంబరే అబద్ధం చెబుతుంది" అన్నాడు వాడు.

అబద్ధం ఎలాగో వివరించాడు. రెడ్ హ్యాట్ వంటి సంస్థలు తమ కెర్నెల్ నంబరు ఏళ్ళ తరబడి మార్చవు. అయితే పై వెర్షన్లలో వచ్చిన కొత్త పద్ధతులను తెచ్చి అందులో చేరుస్తాయి. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ 8 నంబరు 4.18. తరువాతి సంవత్సరాలలో దానిలో 5 శ్రేణి పద్ధతులు ఎన్నో చేరాయి. పాత జిల్లా పేరు బోర్డు మీద ఉండగానే లోపల కొత్త నమూనాలు వాడుతున్న కచేరీ అన్నమాట. బోర్డు చూసి పాత నమూనా తీసుకువెళ్తే తిప్పి పంపిస్తారు.

రెండో చిత్రం ఇంకా తమాషా అయినది. కెర్నెల్ వెర్షన్‌లో మూడు అంకెలుంటాయి. మూడింటినీ కలిపి ఒకే సంఖ్యగా మార్చే లెక్కలో చివరి అంకెకు కేటాయించిన గడిలో 0 నుంచి 255 వరకే పడుతుంది. దీర్ఘకాలం పోషించే 4.4, 4.9 శ్రేణులలో దిద్దుబాట్లు వస్తూ వస్తూ 2021 ఫిబ్రవరిలో 256కు చేరాయి. పైసల గడిలో 100 పడితే రూపాయి పెరిగినట్టు, 4.4.256 అనేది ఆ లెక్క ప్రకారం 4.5.0 అయిపోతుంది. లేని వెర్షన్ ఉన్నట్టు డ్రైవర్లు నమ్మే ప్రమాదం వచ్చింది. ఆ సంఖ్యను 255 దగ్గర ఆపి సర్దుబాటు చేశారు. 2000 సంవత్సరం వచ్చే ముందు రెండంకెల తేదీల కోసం మా బ్యాంకులన్నీ పడిన హైరానా నాకు గుర్తుకు వచ్చింది. గడి చిన్నదయితే కాలం ఎప్పుడో ఒకప్పుడు దానిని దాటుతుంది.

పోగుకు పోగు

మరి దారి ఏమిటి? మా వాడు చెప్పిన పద్ధతి విన్నపుడు నాకు మగ్గమే కళ్ళ ముందు కదిలింది.

మగ్గం మీద పడుగు అయిపోతే నేతగాడు అచ్చులోంచి పాత పోగులు పీకేసి, వేల పోగులు మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడు. పాత పడుగు కొసలు అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. తరువాత మెల్లగా లాగితే అతుకులు అచ్చు దాటి ఇవతలికి వస్తాయి. నేత మళ్ళీ సాగుతుంది. అతుకులన్నీ ఒకే వరుసలో ఉండాలి. బట్ట నడిమి భాగంలో అక్కడొకటి ఇక్కడొకటి అతుకు కనిపిస్తే ఆ బట్ట కొనేవాడు లేడు.

డ్రైవరులోనూ అంతే. మొదటి సూత్రం: అసలు డ్రైవరును కొత్త కెర్నెల్ పద్ధతిలోనే రాయాలి. పాత కెర్నెళ్ళ కోసం చేసే సర్దుబాట్లన్నీ ఒకే ఒక్క ఫైలులో వరుసగా పెట్టాలి. పాత కెర్నెల్‌లో కొత్త ఏర్పాటు లేకపోతే, అదే పేరుతో ఒక చిన్న ఏర్పాటు ఆ ఫైలులో కల్పించాలి. అపుడు అసలు బట్ట నునుపుగా ఉంటుంది. ఎప్పుడయినా ఒక పాత కెర్నెల్‌ను వదిలేస్తే, ఆ ఫైలులో నాలుగు పంక్తులు కొట్టేస్తే చాలు.

రెండో సూత్రం: నంబరును నమ్మకుండా గుణాన్ని పరీక్షించాలి. డ్రైవరు తయారయ్యే ముందు, చిటికెడంత పరీక్షా ప్రోగ్రాము ఒకటి ఆ కెర్నెల్‌తో కలిపి తయారు చేసి చూస్తారు. తయారయితే ఆ పద్ధతి ఉన్నట్టు, కాకపోతే లేనట్టు. ఎన్విడియా సంస్థ తన డిస్‌ప్లే డ్రైవరు కోసం ఎన్నో ఏళ్ళుగా ఈ దారినే అనుసరిస్తోంది. అన్నం ఉడికిందా అని గడియారం చూడకుండా మెతుకు పట్టి చూడడం వంటిది.

మూడో సూత్రం: తాను మద్దతు ఇస్తానన్న కెర్నెళ్ళన్నింటితోనూ, ఏ చిన్న మార్పు చేసినా, యంత్రం చేత తయారు చేయించి చూడాలి. ఒకదానిలో సరిచేసింది ఇంకొకదానిలో చెడగొట్టడం ఇక్కడ మామూలు. ఖాతాదారు దగ్గర కెర్నెల్ మారినపుడల్లా డ్రైవరును దానంతటదే మళ్ళీ తయారు చేసే 'డీకేఎంఎస్' అనే ఏర్పాటును డెల్ సంస్థ ఇంజినీర్లు 2003 ప్రాంతంలో రూపొందించారు. అది చేయగలిగినది మళ్ళీ తయారు చేయడమే. మూలం సరిగా లేకపోతే అది ఏమీ చేయలేదు.

ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినంత మాత్రాన

తయారు చేసేటపుడు కంపైలరు రెండు రకాల మాటలు చెబుతుంది. 'తప్పు' అంటే పని ఆగిపోతుంది. 'హెచ్చరిక' అంటే పని సాగుతుంది, అనుమానం మాత్రం మిగులుతుంది. హెచ్చరికలను చూసీ చూడనట్టు వదిలేస్తే అవి వందలవుతాయి. ఆ వందలో అసలైన ప్రమాదం చెప్పే ఒక్కటి కలిసిపోతుంది. అందుకే 2021లో వచ్చిన 5.15తో, హెచ్చరికను కూడా తప్పుగానే పరిగణించే ఒక ఎంపికను కెర్నెల్‌లో చేర్చారు. లెక్కలు రాసేవారికి ఇది కొత్త కాదు. సాయంత్రం క్యాషు అర్ధరూపాయి తేడా వచ్చినా లెక్క మూయకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. అర్ధరూపాయి కోసం కాదు. ఆ తేడా వెనుక రెండు పెద్ద పొరపాట్లు ఒకదానినొకటి కప్పుకుని ఉండవచ్చు.

అయితే ఏ హెచ్చరికా రాలేదు కనుక అంతా క్షేమం అనుకోవడానికి వీలులేదు. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినా తప్పు ఖాతాలో రాసిన పద్దు బయటపడదని బి.కాం. మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం. దీనికి సరిపోయే ఉదాహరణ ఒకటి మా వాడు చెప్పాడు. ప్రోగ్రాముకు చెందిన జ్ఞాపక పుటలను త్వరగా అందుకునే ఒక ఏర్పాటు ఉంది. 'ఇందులో రాయాలా, వద్దా' అన్నది దానికి ఇచ్చే వివరాలలో ఒకటి. 0 అయితే వద్దు, మరేదయినా అవును. 2019లో వచ్చిన 5.2లో అదే స్థానంలో రకరకాల సూచనల గుర్తులు ఇవ్వాలని మార్చారు. వివరాల సంఖ్య మారలేదు. ఇచ్చేది అప్పుడూ అంకే, ఇప్పుడూ అంకే. కంపైలరు నోరు మెదపదు. 'రాయాలి' అన్న గుర్తు విలువ 1 కావడం వలన, 1 అని ఇచ్చిన పాత డ్రైవర్లు బతికిపోయాయి. 'అవును' అనడానికి 2 ఇచ్చిన డ్రైవరు ఉంటే, దాని అర్థమే మారిపోయి ఉండేది. కాబట్టి తయారైన తరువాత అసలు పరికరం తగిలించి, నడిపి చూడాలి. ఈ పనికి అడ్డదారి లేదు.

పాతదాన్ని పట్టుకు కూర్చుంటే?

ఇంత తతంగం ఎందుకు, డ్రైవరు నడిచే పాత కెర్నెల్‌నే వాడుకుంటే పోలేదా అనేవారున్నారు. కెర్నెల్‌లో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. 2016 అక్టోబరులో 'డర్టీ కౌ' అనే పేరుతో బయటపడిన లోపం అంతకు ముందు తొమ్మిదేళ్ళుగా కెర్నెల్‌లో ఉన్నదే. మామూలు వాడకందారు యజమాని హక్కులు సంపాదించగల లోపం అది. దిద్దుబాటు వెంటనే వచ్చింది. వచ్చినదానిని వేసుకున్నవారికే రక్షణ. ఒక డ్రైవరు కోసం పాత కెర్నెల్‌కు కట్టుబడినవారు, కిటికీ తలుపు ఊడిందని తెలిసీ ఇల్లు మారలేనివారి వంటివారు. డ్రైవరును ముందుకు నడిపించేవాడు ఆ ఇంటివారిని కూడా ముందుకు నడిపిస్తున్నాడు.

ఇది మన ముంగిటి విషయం కూడా. చెన్నైలోని సి-డాక్ 2007లో 'బాస్' అనే భారతీయ లినక్స్‌ను విడుదల చేసింది. 2011 సెప్టెంబరులో మా తిరువళ్లూరు జిల్లాలోనే విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం మొదలయింది. ఆ ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. నేతగాళ్ళ ఇళ్ళలోకి కూడా లినక్స్ వచ్చింది. ఇంటికి వచ్చిన యంత్రం పదేళ్ళు పనికి రావాలంటే దాని లోపలి డ్రైవర్లను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

పిల్లలను ఏమని అడుగుదాం?

మన కుటుంబాలలో సాఫ్ట్‌వేరు పిల్లలు లేని ఇల్లు అరుదు. పెళ్ళిచూపుల్లో, పండుగ కలయికల్లో వాళ్ళను మనం అడిగే ప్రశ్న ఒకటే: "కొత్తగా ఏం తయారు చేశావు?" మా అన్నగారి అబ్బాయి సంబంధం మాట్లాడేటపుడు కూడా ఇదే ప్రశ్న వచ్చింది. వాడు జవాబు వెతుక్కుంటుంటే మా అన్నయ్య కల్పించుకుని, "వాడు ఉన్నది ఆగకుండా చూస్తాడండీ" అన్నాడు. మా అన్నయ్య మగ్గం మీద కూర్చున్నవాడు. అతికేవాడి విలువ ఎరిగినవాడు. అవతలివారు మర్యాదకు తల ఊపారు గాని, ఆ మాట వాళ్ళకు ఎక్కినట్టు లేదు.

ఎక్కవలసిన మాట అది. ఈ పనిలో విజయం కంటికి కనపడదు. కెర్నెల్ మారింది, కార్డు నడిచింది, ఎవరూ ఫోను చేయలేదు. అదే విజయం. జీతం పెంచే వేళ కంపెనీల కంటికీ, గొప్పలు చెప్పుకునే వేళ మన కంటికీ ఆనని పని ఇది. అందువలన తెలివైన పిల్లలు దీనిని వదిలి కొత్త వింతల వైపు పోతారు. చివరకు బట్ట కప్పుకుని మూల కూర్చునే యంత్రాల సంఖ్య పెరుగుతుంది.

ఈ రంగంలో ఉన్న పిల్లలకు నా మనవి ఒకటే. వీలయితే మీ డ్రైవరును ఇంట్లో చేర్చండి. వీలుకాకపోతే అతుకులన్నీ ఒకచోట ఉంచండి. నంబరును కాక గుణాన్ని చూడండి. హెచ్చరికను అప్పులా భావించి ఏ రోజుది ఆ రోజే తీర్చండి. ఎంత పాత కెర్నెల్ వరకు మోస్తారో తేదీ వేసి ముందే చెప్పండి. ఖాతాదారుకు అది వడ్డీ రేటంత ముఖ్యం.

పెద్దలకు కూడా ఒక మనవి. ఈసారి పండుగకు పిల్లలు వచ్చినపుడు, ఏం కొత్తగా చేశావని అడిగిన తరువాత, ఏది ఆగకుండా కాపాడావని కూడా అడగండి. చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలానే ఉంటుంది.